కాఫీపొడి రంగు చీర

తిరుత్తణి బజారులో జయరామయ్య అంత కమ్మగా చీరలమ్మే మనిషి ఇంకొకడు లేడు. ఆ మహానుభావుడికి ఎరుపూ, ఆకుపచ్చా, కాఫీపొడీ అన్నీ ఒకటే బురదలా కనిపిస్తాయన్న సంగతి లోకంలో ఒక్క భార్య అలిమేలమ్మకే తెలుసు. ఆమె పక్కనే కూర్చుని చెవిలో రంగు చెప్పేది. ఎరుపు అన్నప్పుడు ఆ గొంతు ఎగిరేది, బూడిద అన్నప్పుడు పడిపోయేది. ఆ గొంతే ఆయనకు రంగు. దాన్ని పట్టుకుని, "ఇది కట్టుకో తల్లీ, అలిగిన మొగుడు కూడా నవ్వేస్తాడు" అని అల్లేవాడు. ఆడవాళ్ళు మురిసిపోయి కొనేవాళ్ళు. రంగులు తెలియని వాడి దగ్గర చీరలు కొంటున్నామని తెలిస్తే మాత్రం అంగడికి తాళమే.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, సుందరవల్లి. తిరువళ్ళూరులో ఇచ్చారు. అలిమేలమ్మది నల్లటి ఒళ్ళు. ఆమె కొత్తకోడలిగా గడప దాటిన రోజే ఆ పిల్ల, "ఎవరన్నా దీపం పెట్టండి, వదిన కనపడలేదు" అంది. ఇల్లంతా నవ్వింది. జయరామయ్యా నవ్వాడు, పాపిష్టి నవ్వు. పాతికేళ్ళయినా అలిమేలమ్మ ఆ మాటను మింగనూ లేదు, కక్కనూ లేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఎండాకాలంలో సుందరవల్లి మొగుడు పోయాడు. పదోనాడు పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. జయరామయ్య బీరువాలోంచి ముదురుగా ఉన్నదొకటి తీశాడు.

"ఇది ఏం రంగే?"

"కాఫీపొడి రంగు. బాగుండాది, తీసుకోండి."

గొంతు ఎగిరింది. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. ఏడ్చి ఏడ్చి గొంతు మారిందేమోలే అనుకున్నాడు. ఛీ, ఆవిడ ఏడ్చిందెప్పుడు!

తిరువళ్ళూరులో పట్టపగలు, పందిట్లో రెండూళ్ళ బజారు పెద్దలూ కూర్చున్నారు. జయరామయ్య మడత విప్పి, కళ్ళనీళ్ళతో, చెల్లెలి భుజాల మీద తన చేతులతోనే చీర కప్పాడు.

"అయ్యయ్యో, సివప్పు!" అని పక్కింటి తమిళావిడ గుండెలు బాదుకుంది.

"పెండ్లికూతురికి పెట్టే ఎర్రచీర తెచ్చినాడే! వీని చేతులు పడిపోను!" అని సుందరవల్లి అత్త అరిచింది.

జయరామయ్య భార్య వైపు చూశాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చూసేవాళ్ళకు ఏడుస్తున్నట్టే ఉంది.

సుందరవల్లి తలెత్తింది. "అన్నా, చూసుకోకుండా తెచ్చినానని ఒక్క మాట అను. నేను నమ్ముతా. నువ్వు తప్ప నాకు ఇంకెవరుండారు?"

చూసుకోలేదనడానికీ, పొట్లం మారిందనడానికీ లేదు, అందరి ముందూ విప్పి చూసి కప్పాడు. ఎరుపు నాకు తెలియదమ్మా అంటే చెల్లెలు దక్కుతుంది. కానీ ఆయన ఎక్కే రైలు కన్నా ముందే ఆ మాట తిరుత్తణి చేరుతుంది.

"తెలిసే తెచ్చినా" అన్నాడు జయరామయ్య.

సుందరవల్లి చీర తీసి, మడతపెట్టి ఆయన చేతిలో ఉంచింది.

"పది దినాలుగా ఆయన కోసరం ఏడుస్తా ఉండాను. నీకోసరం ఏడ్చేదానికి నీళ్ళు మిగల్లేదు. పో."

తిరుగు రైల్లో అలిమేలమ్మ స్టేషన్లో కొన్న ఇడ్లీ పొట్లం విప్పింది. ఎందుకు చేసినావే అన్న మాట జయరామయ్యకు నోటిదాకా వచ్చింది. అడిగితే ఆవిడ అలుగుతుంది. ఆవిడ అలిగితే రేపు అంగట్లో రంగులు చెప్పేదెవరు?

"తినండి, చల్లారిపోతాది" అంది అలిమేలమ్మ.

ఆయన తిన్నాడు.