ఒక్క గ్లాసు కోసం ఆపిన గోలీలు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికి వారం పట్టింది.

మన్సూరాబాద్‌లో బుచ్చవ్వ అని ఒకామె ఉంది. భర్త లచ్చయ్య పోయినప్పటి నుంచి ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలీ తెలియలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఎదురుగా నిలబడి చూసేది, మంట ఆర్పాలని తోచేది కాదు. కోడలు స్వప్న ఆమెను దిల్‌సుఖ్‌నగర్‌లో మనసు డాక్టరుకు చూపించింది. ఆయన రోజుకొక గోలీ రాసి, "కల్లు, సారా ఏదీ ముట్టొద్దమ్మా" అన్నాడు. ఆ సంగతి చుట్టాల్లో ఎవరికీ చెప్పలేదు.

ఏడాది దినం దగ్గరపడింది. మేడ మీద పిట్టకు, అంటే కాకికి, ముద్ద పెట్టాక పోయినవాడి భార్య మొదటి గ్లాసు కల్లు తాగాలి. అది వాళ్లింటి ఆనవాయితీ. ఆమె తాగితేనే పోయినవాడికి ముడుతుందని నమ్మకం. అప్పటిదాకా ఎవరూ విస్తళ్ల ముందు కూర్చోరు.

ఒక్కపొద్దు ఉండేవాళ్లు ముందురోజే నీసు మానేసినట్టు, నాలుగు రోజులు గోలీలు మానేస్తే ఒళ్లు ఖాళీ అవుతుంది, ఇక గ్లాసు తాగినా తప్పు లేదనుకుంది బుచ్చవ్వ. ఎవరినీ అడగలేదు. మూడో రోజుకి తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టయింది. అదీ ఎవరికీ చెప్పలేదు.

దినం రోజు కాకి తొందరగానే ముద్ద ముట్టింది. మరిది బాలకృష్ణ గ్లాసు నింపి తెచ్చాడు.

"తాగు వదినా. అన్న దూపతోని ఉన్నడు."

చేయి చాచబోయి బుచ్చవ్వ తూలింది. స్వప్న పట్టుకుని చెవిలో అడిగింది.

"అత్తమ్మా, గోలీ ఏస్కున్నవా?"

"నాలుగు దినాలాయె బంద్ చేసి. గీ ఒక్క గిలాసకే."

స్వప్న మెట్ల దగ్గరికి పోయి డాక్టరుకు ఫోన్ చేసి వచ్చింది. "ఎవలు ఆపమన్నరని కోపం జేసిండు. అడగకుండ ఆపుడు తప్పట, ఆపి తాగుడు ఇంకా తప్పట. ఆపాల్సింది కల్లు, గోలీ కాదన్నడు. రేపు రమ్మన్నడు."

"ఏం గోలీలు?" అన్నాడు బాలకృష్ణ.

"బీపీవి..." అనబోయింది స్వప్న.

"మనసు గోలీలు," అంది బుచ్చవ్వ. "మీ అన్న పోయినకాడికెల్లి మింగుతున్న. నేను తాగ, బాలకిష్ణా."

"ఏడాదంత ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టకపోతివి. ఇయ్యాల గీ గిలాస కూడ బరువాయెనా?"

లచ్చయ్య మేనత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "బతికినప్పుడు వాని గిలాసల ఎవలకన్న వాటా ఇచ్చిండార? ఆమె తాగకుంటే వానికే లాభం" అంది. ఎవరో నవ్వి, నోరు మూసుకున్నారు.

బాలకృష్ణ నవ్వలేదు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, భార్యను లేపి మెట్లు దిగిపోయాడు. కింద బండి చప్పుడు వినబడింది.

తన లోపల ఏదైనా విరుగుతుందేమోనని బుచ్చవ్వ కాసేపు చూసింది. ఏమీ విరగలేదు. మరిది ఇక ఈ ఇంటికి రాడని మాత్రం తెలుస్తోంది.

"కూసోండి, అన్నం సల్లారుతది," అంది.

ఒకరిని చూసి ఒకరు కూర్చున్నారు. బాలకృష్ణకు వేసిన విస్తరి అట్లాగే ఉండిపోయింది. బుచ్చవ్వ దాని ముందు కూర్చుని, అన్నం పెట్టుకుని తినసాగింది.

అండాలమ్మ, అరవై ఆరేళ్లు, ఇప్పుడు ఉండేది మీర్‌పేట్‌లో.