శుక్రవారపు వాన

చింతపండు గుజ్జు అరచేతిలో వేసుకుని జక్కయ్య సర్కారు కుండ మూతిని రెండో విడత తోముతున్నాడు. మొదటి విడత మురికి పోవడానికి, రెండో విడత మెరుపు రావడానికి. రెండింటికీ మధ్య ఆయన నడుము పట్టేసింది. ఒక చెయ్యి నడుము మీద వేసుకుని రెండో చేత్తో తోముతూ, కచేరి వాకిట్లోకి మేకలు జొరబడుతున్నాయేమోనని తల తిప్పి చూస్తున్నాడు. శుక్రవారం నాడు ఆయన ఒంటి మీద ఖాకీ చొక్కా ఉండదు, నీళ్ళ మరకలు పడతాయని విప్పి దండెం మీద వేస్తాడు. బంట్రోతు బిళ్ళ ఉన్న పటకా మాత్రం విప్పడు. వట్టి ఒంటికి అడ్డంగా పటకా, దాని మీద ఇత్తడి బిళ్ళ, మోకాళ్ళ దాకా పంచె. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఈయన ఏ దేవుడికి పూజారో తేల్చుకోలేక తికమకపడాల్సిందే.

గురజాల నుంచి బండి మీద పూట ప్రయాణం చేస్తే వచ్చే నల్లబండపాడులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కచేరి ఉందంటే పెద్దగా ఊహించుకోకండి. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పు, కూర్చోవడానికి నాపరాళ్ళ అరుగు. ఆ ఊళ్ళో నాపరాయి కానివాళ్ళు మనుషులొక్కరే, వాళ్ళలోనూ కొందరి మీద అనుమానమే. ఇన్‌స్పెక్టరు నెలకోసారి గుర్రమెక్కి వచ్చి, నీళ్ళు బాగా లేవని తిట్టి పోతాడు. మిగతా రోజుల్లో కచేరి అంటే గుమాస్తా హబీబ్, బిళ్ళబంట్రోతు జక్కయ్య, వాకిట్లో ఈ సర్కారు కుండ.

కుండ అని ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు. నిజానికి అది వాన కొలిచే పరికరం. భూమిలో పాతిన రాగి డబ్బా, పైన ఇత్తడి మూతి, లోపల గరాటు, గరాటు కింద సీసా. పడిన వాన సీసాలోకి దిగుతుంది. రోజూ పొద్దున్నే గుమాస్తా ఆ నీళ్ళను గీతల గ్లాసులోకి వంచి, ఎన్ని గీతలు వచ్చాయో చూసి, పైవాళ్ళకు తెలియజేస్తాడు. పల్నాట్లో వాన కొలవడానికి ఒక పరికరం, దానికో గ్లాసు, గ్లాసుకో గుమాస్తా! దొరలకు కూడా వేళాకోళం తెలుసునని ఊళ్ళో అనుకుంటారు.

తోమడం అయ్యాక జక్కయ్య మూతి చుట్టూ పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టాడు. అప్పటికే హబీబ్ సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాడు. శుక్రవారమొస్తే ఆయన నమాజుకు గురజాల పోతాడు, ఆ రాత్రి సొంతింట్లో భార్యాబిడ్డల మధ్య పడుకుని శనివారం పొద్దున్నే వస్తాడు. పోతూ పోతూ ఈవేళ యూనివర్సిటీ నుంచి ఒక పెద్దమనిషి వస్తాడట, కుండ చూస్తాడట, కాస్త మర్యాద చెయ్యమని చెప్పి వెళ్ళాడు.  ఇంతకాలానికి కుండను చూడటానికి మనిషి వస్తున్నాడు! జక్కయ్య పొంగిపోయి మరో రెండు బొట్లు పెట్టాడు.

వచ్చినవాడు పెద్దమనిషి కాదు, పాతికేళ్ళు దాటిన కుర్రవాడు. పేరు శ్రీమన్నారాయణ. నరసరావుపేటలో బడిపంతులు గారి అబ్బాయి. బండి కుదుపులకు కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, జుట్టంతా సున్నపు దుమ్ము. దిగీ దిగగానే కాళ్ళయినా కడుక్కోకుండా నేరుగా కుండ దగ్గరకు పోయి, దాని ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ జోడించాడు. యూనివర్సిటీలో ఇంత భక్తి నేర్పుతారని జక్కయ్యకు తెలియదు. ఆ క్షణం నుంచి ఆ అబ్బాయంటే ఆయనకు ప్రాణమైపోయింది.

బెల్లం కాఫీ తాగుతూ శ్రీమన్నారాయణ తన సంగతంతా చెప్పుకొచ్చాడు. చెప్పడానికి మనిషి దొరక్క మొహం వాచిపోయి ఉన్నాడు పాపం. యూనివర్సిటీలో సైన్సు రీసెర్చి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారట. ఒకడు కప్ప గుండె మీద చేస్తున్నాడు. ఒకడు ఉప్పు పలుకును ఏళ్ళ తరబడి భూతద్దంలో చూస్తూ పెళ్ళి కూడా మానుకున్నాడు. యుద్ధం రోజుల్లో దొరల సీమ నుంచి సామాన్లు రావడం ఆగిపోయి, లాబరేటరీల్లో సగంమంది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, తాను మాత్రం సామానే అక్కరలేని విషయం పట్టాడు. వాన. జిల్లాలోని కుండలన్నిటి లెక్కలూ తెప్పించి చూశాడు. అన్నిచోట్లా వాన ఇష్టం వచ్చినట్టు పడుతోంది, లేదా మానేస్తోంది. ఒక్క నల్లబండపాడులో మాత్రం, ఎండాకాలం, కరువుకాలం అని లేకుండా, ప్రతి శుక్రవారం రాత్రీ ఓ నాలుగు చినుకులు పడుతున్నాయి!

జక్కయ్య ఖాళీ లోటా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఎందుకు పడుతున్నాయో కూడా అబ్బాయి కనిపెట్టాడు. పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీలు వారంలో కొన్ని రోజులే బాగా మండుతాయి. ఆ ధూళి పైకి పోయి, కృష్ణ మీది తేమను పట్టుకుని, నల్లమల గాలి ఎక్కడ మలుపు తిరుగుతుందో సరిగ్గా అక్కడ చినుకులై దిగుతుంది. ఆ మలుపు ఈ కచేరి వాకిలి. ప్రొఫెసర్ గారు విని కుర్చీలోంచి లేచి కౌగిలించుకున్నారట. సైన్సు మహాసభలో చదివితే చప్పట్లు కొట్టారట. వచ్చే నెలలో డిగ్రీ పరీక్ష. డిగ్రీ వస్తే అక్కడే లెక్చరర్ ఉద్యోగం. అయితే ఒక పరీక్షాధికారి, ఈ వానను మీరు కళ్ళారా చూశారా అని మెలిక పెట్టాడు. అందుకని వచ్చాడు. ఈ రాత్రి కుండ పక్కనే నులకమంచం వేసుకుని, చినుకు పడేదాకా రెప్ప వాల్చకుండా కూర్చుంటాడు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒకసారి ఎండాకాలంలో ఒక్క శుక్రవారం మాత్రం వాన రెట్టింపు పడింది. ఆ ఒక్క వాన మీదే థీసిస్‌లో ఒక అధ్యాయం రాశాడు.

మధ్యాహ్నం ఇంటికి పోయిన జక్కయ్య జొన్నసంకటి కలుపుతూనే ఉన్నాడు గానీ తినడం లేదు. భార్య నాగేంద్రమ్మ పచ్చడి వడ్డిస్తూ ఏమైందని అడిగింది. జరిగింది చెప్పాడు. ప్రతి శుక్రవారం దీపాల వేళ కుండలో ఇన్ని నీళ్ళు పొయ్యడం ఆయన అలవాటు. శుక్రవారం పూట ఖాళీ కుండ ఉంచకూడదు గదా! ఇంట్లో కుండకు ఉన్న మర్యాద సర్కారు కుండకు మాత్రం లేదా? మర్నాడు పొద్దున హబీబ్ ఆ నీళ్ళను గ్లాసులోకి వంచి, ఎత్తి చూసి, పారబోస్తాడు. ఇళ్ళలో ఆడవాళ్ళు నిన్నటి నీళ్ళు పారబోసినట్టే సాయిబు కూడా పారబోస్తున్నాడనీ, సర్కారు వాళ్ళు పారబోసేముందు ఒకసారి ఎత్తి చూసుకుంటారనీ జక్కయ్య ఇన్నాళ్ళూ అనుకున్నాడు. రాత్రి వాన పడిందా అని సాయిబు ఎన్నడూ అడగలేదు. ఆకాశాన్ని చూసి రాయకూడదు, గ్లాసును చూసి రాయాలి, అది రూలు.

నాగేంద్రమ్మ అంతా విని, చదువుకున్నోళ్ళు ఏదో ఒకటి రాసుకుంటారు, వాళ్ళ కోసం శుక్రవారం పూట కుండ ఎండబెడతావా అంది. ఆమె దృష్టిలో అక్కడితో ఆ సంగతి అయిపోయింది.

జక్కయ్యకు అవలేదు. పొయ్యకపోతే కుండ ఎండుతుంది, అబ్బాయి నోట్లో మట్టి పడుతుంది. సాయంత్రం అబ్బాయి బావి దగ్గరకు స్నానానికి పోయినప్పుడు గుట్టుగా పోసెయ్యవచ్చు. కానీ ఆయన రాత్రంతా కాపలా కూర్చుంటానంటున్నాడే! ఒక్క చినుకు పడకుండా పొద్దున సీసాలో నీళ్ళు కనబడితే ఊరుకుంటాడా? చినుకు లేకుండా వాన ఎలా పడిందని మళ్ళీ మూడేళ్ళు రీసెర్చి చేస్తాడు. బక్కపలచటి పిల్లవాడు, ఇప్పటికే కళ్ళజోడు వచ్చింది. గుట్టుగా పొయ్యడం కుదరదని జక్కయ్య తేల్చుకున్నాడు.

దీపాల వేళ అయింది. శ్రీమన్నారాయణ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, మంచం మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నాడు. మబ్బు తునక లేదు. ఆయన మొహంలో మాత్రం ఎక్కడలేని నమ్మకం ఉంది. జక్కయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆయన కళ్ళెదుటే వంగి, కుండలో పోశాడు. 

"ఏంది జక్కయ్యా ఇది?"

"శుక్రవారం గదా బాబుగారూ. ఖాళీగా ఉంచకూడదు."

శ్రీమన్నారాయణ కళ్ళజోడు తీసి, పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. కుండ అలాగే ఉంది. చెంబు అలాగే ఉంది.

"ప్రతి శుక్రవారమూ పోస్తావా?"

"ఒక్క వారం తప్పలా. ఒకపాలి ఎండాకాలంలో నాకు చానా జొరమొస్తే మా ఇంటామె వచ్చి పోసింది. ఆమెది పెద్ద చెయ్యి, ధారాళంగా పోస్తది."

ఆ అబ్బాయి ఒక అధ్యాయం ఎవరి చేతి మీద రాశాడో అప్పటికి తెలిసింది. ముందు ముక్కులోంచి గాలి వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. మంచం పట్టె పట్టుకుని, కడుపు పట్టుకుని, పొర్లి పొర్లి నవ్వాడు. కౌగిలించుకున్న ప్రొఫెసర్ గారు, చప్పట్లు కొట్టిన మహాసభ, మలుపు తిరిగిన నల్లమల గాలి అన్నీ కళ్ళ ముందుకు వచ్చి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులో పడ్డాడో జక్కయ్యకు తెలియలేదు. తెలిశాక ఆయనకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకరి అన్నం పారబోసినంత పాపం చేశానని కుమిలిపోయాడు.

మంచం పక్కన నేల మీద చతికిలబడి, ఎందుకు పోస్తాడో తనకు చేతనైనట్టు చెప్పుకున్నాడు. ఆయన చిన్నతనంలో ఒక కరువు వచ్చింది. ఊరి బావి అడుగంటితే తల్లి ఆమడ దూరం పోయి చెలమ తోడి, కడివెడు నీళ్ళు తెచ్చేది. శుక్రవారం నాడు కుండ అడుగున ఒక్క గుక్క మిగిల్చి మూత పెట్టేది. దాహమని పిల్లలు కాళ్ళు పట్టుకుని ఏడ్చినా మూత తీసేది కాదు. బోసి కుండ ఉన్న ఇంటి వైపు నీళ్ళు తొంగి కూడా చూడవని ఆమె నమ్మకం. ఏడ్చినవాళ్ళలో జక్కయ్య చెల్లెలు ఆ కరువు దాటలేదు. అయినా తల్లి మిగల్చడం మానలేదు, ఆమె పోయాక జక్కయ్య మానలేదు. ఉద్యోగం వచ్చి ఈ కుండను అప్పజెప్పినప్పుడు, ఊరందరి వానా దీన్లోకే వస్తుందట, దీన్ని ఎండబెట్టకూడదు అనుకున్నాడు, అంతే.

 చెప్పడం అయ్యాక జక్కయ్య గొంతు తగ్గించి అన్నాడు.

"నేనెవరికీ చెప్పను బాబుగారూ. ఇక మీదట కూడా పోస్తా. మీ వాన ఆగదు."

"నీ తర్వాత?"

"మా ఇంటామె ఉందిగా."

ఆ అబ్బాయికి మళ్ళీ నవ్వు వచ్చింది, ఈసారి చిన్నగా. ప్రొఫెసర్ గారికి తానే చెప్పుకుంటానన్నాడు. చెబితే డిగ్రీ ఇస్తారా అని జక్కయ్య అడిగాడు.

"ఇవ్వరు," అన్నాడు శ్రీమన్నారాయణ.

ఆ రాత్రి ఇద్దరూ కుండకు చెరోవైపు పడుకున్నారు. వాన పడలేదు.

తెల్లవారగానే బండి వచ్చింది. శ్రీమన్నారాయణ కుండలోంచి సీసా తీసి, నీళ్ళు పారబోసి, జేబురుమాలుతో లోపలంతా తుడిచి, ఎక్కడ ఉన్నది అక్కడ పెట్టాడు. జక్కయ్య చూస్తూ నిలబడ్డాడు. ఇక మీదట పొయ్యకూడదని ఎవరూ చెప్పకుండానే ఆయనకు అర్థమైంది. అర్థమైంది గానీ వచ్చే శుక్రవారం దీపాల వేళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు. బుర్ర గోక్కున్నాడు. అబ్బాయి ఎక్కి కూర్చున్నాడు, బండి నాలుగడుగులు కదిలింది.

ఉన్నట్టుండి బండి ఆగింది. శ్రీమన్నారాయణ దిగి, సంచిలో చెయ్యి పెట్టి వెతికి, మూత తిప్పి బిగించే మరచెంబు ఒకటి బయటికి తీశాడు. యూనివర్సిటీకి పోయేటప్పుడు వాళ్ళమ్మ రైలు ప్రయాణానికని ఇచ్చినదట, అడుగున ఆమె పేరు చెక్కి ఉంది. కచేరి అరుగు మీది తొట్టిలో ముంచి నిండా నీళ్ళు పట్టాడు. వచ్చి, సర్కారు కుండకు మూరెడు ఎడంగా నాపరాయి మీద పెట్టాడు.

"ఇది నిండుగా ఉంటే చాలదా జక్కయ్యా?"

 జక్కయ్య చాలునని తల ఊపాడు, ఊపుతూనే ఉన్నాడు. బండి నాపరాళ్ళ గుట్ట మలుపు తిరిగిపోయింది.

కాసేపటికి హబీబ్ సైకిలు దిగి, చెమట తుడుచుకుని, సీసా తీసి గ్లాసులోకి వంచాడు. గ్లాసును వెలుతురుకు ఎత్తి అటు చూశాడు, ఇటు చూశాడు, సీసాను దులిపి చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఈ వారం వాన తప్పిందే అని బెంగగా అన్నాడు. తప్పింది సాయిబుగారూ అని చెప్పి జక్కయ్య దండెం మీది చొక్కా తీసి తొడుక్కున్నాడు. నాపరాయి మీద, మూత తీసి పక్కన పెట్టి ఉన్న మరచెంబు అంచు దాకా నీళ్ళతో ఉంది.