పొమ్మన్న మాట

మా పెళ్ళయి నలభై రోజులైంది. మా ఆయన గోవర్ధన్ మెట్లెక్కితే ఎడమ మోకాలు టిక్కుమంటుంది. ఆ చప్పుడు విని ఆయనే వస్తున్నాడని గుర్తుపట్టడం నాకు కొత్తగా దొరికిన సంబరం. ఆయనకు మాత్రం ఆ మోకాలంటే మంట. తుంగతుర్తి నుంచి సికింద్రాబాద్ వెళ్ళి తొమ్మిదేళ్ళు ఫుట్‌బాల్ ఆడిన మనిషిని ముప్పై మూడేళ్ళకే మైదానం గీత బయట కూర్చోబెట్టింది అదే. ఇప్పుడాయన కోదాడ క్లబ్బుకు మేనేజరు. మూడో డివిజన్‌లో అట్టడుగున ఉన్న జట్టు అది.

కోదాడలో ఆయనంటే ఎవరికీ పడదు. కారణం ఒక్క మాట. తన జట్టుకు బంతి దొరికితే చాలు, గీత దగ్గర నిలబడి "పో! పోరా, పో!" అని అరుస్తాడు. మా వైపు ఆ మాటకు ముందుకు ఉరకమనే అర్థం. కోదాడ వాళ్ళకు అది గుమ్మంలోంచి తరిమినట్టు ఉంటుంది. గోల్ కొట్టాల్సిన గోపి పోయిన ఆదివారం ఆ మాట విని, బంతిని అక్కడే వదిలేసి, నిజంగానే మైదానం బయటికి నడిచాడు. ఓడిపోయాం.

మర్నాడు క్లబ్బు కార్యదర్శి దేవసహాయం ఇంటికొచ్చాడు. నేనిచ్చిన టీ ముట్టలేదు.

"చూడండి గోవర్ధన్ గారూ. మిర్యాలగూడలో గెలవకపోతే తిరుగు బస్సులో మీకు సీటుండదు. ఎలాగూ అక్కడే కదా అత్తగారిల్లు, ఉండిపోండి."

అతను వెళ్ళాక మా ఆయన అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. "వెళ్ళు గోపీ. వెళ్ళండి గోపీ గారూ." నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు సుమతీ. ఆడుడు ఎప్పుడో ఖతమైంది. ఆడిచ్చుడు గూడ రాదంటే ఇగ నన్నెవరు పిలుస్తరు?"

నా నవ్వు ఆగిపోయింది.

ఆదివారం మిర్యాలగూడలో మా పుట్టినూరివాళ్ళంతా గ్రౌండు చుట్టూ చేరారు, మా ఆయనను తిట్టడానికే.

"అల్లుడా! పిల్లనిచ్చినం, మూడు గోల్సు గూడ ఇస్తం, పట్కపో!"

"జర ఒంగి దండం పెట్టరాదయ్యా, మామలం!"

మా బెంచీ అంతకంటే అన్యాయం. ఆయన నీళ్ళడిగితే పక్కనున్న ఆటగాడు సీసా ఖాళీ అయ్యేదాకా తాగి, బోర్లించి చూపించాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చున్నాను. పొట్లంలోంచి పల్లీలు తీసి ఆయన గుప్పిట్లో పోశాను. వేళ్ళు తగిలినందుకు ఇంత గోలలోనూ నాకు ఆనందమే.

ఆట ఇక అయిదు నిమిషాలే ఉంది. ఎవరూ గోల్ కొట్టలేదు. అప్పుడు బంతి గోపికి దొరికింది. ముందు ఒక్కడే అడ్డు. గోపి ఆగి, ఎవరికివ్వాలా అని చుట్టూ చూస్తున్నాడు. మా ఆయన లేచాడు.

"వె... వె..." నాలుక తిరగలేదు. "పోరా గోపీ! పో!"

గోపి మొహం కందగడ్డయింది. నేనిక్కడ రాయలేని మాటొకటి అని, ఆ గొంతుకు దూరంగా పారిపోతున్నట్టు ఉరికాడు. అడ్డొచ్చినవాణ్ణి దాటాడు, గోల్‌కీపర్‌ని దాటాడు. బంతి వలలో పడింది.

ఎవరినీ కావలించుకోకుండా గోపి నేరుగా మా ఆయన దగ్గరికొచ్చి వేలు చూపించాడు. "ఇప్పుడు నువ్వు పో!"

ఆట ముగిసేసరికి అదొక్కటే గోలు. గోపి బూట్లు చేత్తో పట్టుకుని దేవసహాయం ముందు నిలబడ్డాడు.

"ఈయన్ని తీసెయ్యండి. లేకపోతే నేనాడను."

దేవసహాయం ఇద్దరినీ చూశాడు. "ఈ ఏడు నీకిదే మొదటి గోలురా అబ్బాయ్. ఒళ్ళు మండితే గానీ నీ కాళ్ళు లేవడం లేదు. ఆయనుంటాడు." మా ఆయన వైపు తిరిగాడు. "మీరంటే మాకేదో ప్రేమని కాదండోయ్."

మా ఆయన మొహంలో సంతోషం లేదు. గోపికి చెయ్యి చాచాడు. గోపి దాన్ని చూడనైనా లేదు.

"పొద్దున ఆరింటికి ప్రాక్టీస్. వస్తవా?"

"రాకపోతే ఏం చేస్తారండీ? మళ్ళీ పొమ్మంటారా?"

గోపి బస్సెక్కి చివరి సీట్లో మొహం తిప్పుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా వెనక్కే వెళ్ళి అతని చుట్టూ ఇరుక్కున్నారు. ముందు సీట్లన్నీ మా ఇద్దరికే మిగిలాయి. నేను కిటికీ పక్కన కూర్చున్నాను.