పైపును లోపలికి తిప్పిన చలికాలం

మా అక్క జోలీన్ దగ్గర చేపల వాసన వస్తుందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఇంగ్లండులో చేపల రేవైన మా గ్రిమ్స్‌బీలో సగం ఊరి వాసన అదే. కానీ అక్క కూతురు ఎస్మీకి ఆరేళ్లప్పుడు బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుందట. ఎస్మీ ఆ సాయంత్రం ఏమీ తినలేదు. అప్పటి నుంచి అక్క చేపల ఫ్యాక్టరీలో వేసుకున్న బట్టలనూ పిల్ల బట్టలనూ కలపకుండా రోజూ రెండు విడతలుగా ఉతికేది. నవంబరు వచ్చిందంటే మా దగ్గర తీగ మీద వేసిన బట్ట ఆరదు. సముద్రం మీది గాలికి వేసినప్పటి కన్నా తడిగా లోపలికి వస్తుంది. కాబట్టి అక్క ఇంట్లో డ్రయ్యరు రోజూ రెండుసార్లు తిరిగేది.

ఆ డ్రయ్యరు వంటింటి మూలలో ఉండేది. దాని వెనక నుంచి ఒక లావుపాటి పైపు గోడ కన్నంలోకి వెళ్లి, లోపలి వెచ్చటి గాలిని సందులోకి వదిలేది. పక్కింటి పాలీన్ అత్త పిల్లి చలికాలమంతా ఆ కన్నం కింద పడుకునేది. "మీ కరెంటుతో నా పిల్లి కాళ్లు బారజాపుకుంటోందమ్మా, దాని వాటా ఎంతో చెప్పండి, ఇచ్చేస్తాను," అని పాలీన్ అత్త నవ్వుతూ అనేది. అందరం నవ్వేవాళ్లం. నేను మాత్రం ఒకరోజు ఇంటికి వెళ్లి లెక్క వేశాను.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. భవనాల్లో వేడి, గాలి ఎటు నుంచి ఎటు పోవాలో చూసే ఇంజనీరింగు. నేను చదువుకున్న మూడేళ్లూ అక్క రెండు షిఫ్టులు చేసి నా గది అద్దెలో సగం కట్టింది. బావ అప్పటికే వెళ్లిపోయాడు. నేను ఆమెకు తిరిగి ఇవ్వగలిగింది నా చదువు ఒక్కటే. అందుకే ఆ లెక్క చాలా శ్రద్ధగా వేశాను.

అక్క ఇల్లు తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే ఇళ్ల సంఘం వాళ్లది. పలచటి గోడలు. గ్యాసు మీటరుకు ముందుగా కార్డులో డబ్బు వేసుకోవాలి. కార్డు అయిపోతే గదులను వెచ్చబెట్టే రేడియేటర్లు చల్లబడిపోతాయి. అప్పుడు అక్కా ఎస్మీ కోట్లు వేసుకునే భోజనం చేసేవాళ్లు. అలాంటి ఇంట్లో రోజూ రెండు గంటల సేపు వేడిని సందులోని పిల్లికి ఇస్తున్నాం. ఒక ఆదివారం నేను వెళ్లి ఆ పైపును గోడ నుంచి ఊడదీసి, వంటింట్లోకే తిప్పాను. నూలు పోగులు ఎగరకుండా దాని మూతికి అక్క పాత నైలాన్ మేజోడు తొడిగాను. గోడ కన్నంలో గుడ్డలు కుక్కాను. కిటికీల పైన గాలి ఆడటానికి ఉండే సన్నటి చీలికలకు టేపు అంటించాను. స్నానం చేశాక తొట్టిలో నీళ్లు చల్లారే దాకా వదలొద్దని, ఆదివారం మాంసం కాల్చాక ఓవెన్ తలుపు తెరిచే ఉంచాలని చెప్పాను. ఓవెన్ సంగతి మా అమ్మ కాలం నుంచీ ఉన్నదే. తొట్టి సంగతికి అక్క ముఖం చిట్లించింది. మురికినీళ్ల పక్కన కూర్చుని పళ్లు తోముకోవాలా అంది. వేడికి మురికి ఉండదన్నాను.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టాను. వంటింట్లో, పైగదిలో రోజూ ఉదయం సాయంత్రం ఎంత వేడి ఉందో అక్క అందులో రాసేది. నేను వారానికోసారి వచ్చి చూసేదాన్ని. మొదటి నెలలో ఆ అంకెలు చూస్తే నా చదువు దేనికో మొదటిసారి తెలిసినట్టుండేది. వంటింటి తలుపు తీసిపెడితే వెచ్చదనం మెట్ల మీదుగా పైకి పోయేది. ఎస్మీ చెప్పుల్లేకుండా తిరిగేది. డ్రయ్యరు నడిచినప్పుడు మేజోడు ఉబ్బి ఊగేది. పిల్ల దానికి ఏనుగని పేరు పెట్టి, దానితో మాట్లాడేది. అక్క కార్డులో వేసే డబ్బు దాదాపు సగానికి తగ్గింది. క్రిస్మస్‌కు పిల్లకు కొత్త కోటు కొన్నది. ఫ్యాక్టరీలో అందరికీ నా గురించి చెప్పిందట. మా రూతీ గోడ కన్నం మూసి ఇల్లు వెచ్చబెట్టిందని.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తడి బట్టల్లోని నీళ్లు ఏమవుతాయని నేను ఆలోచించకపోలేదు. ఆలోచించాను. రెండు విడతల బట్టల్లో నాలుగైదు లీటర్ల నీళ్లు ఉంటాయి. అవి ఆవిరై ఇంట్లోకి వస్తాయి. ఆ ఆవిరి చల్లటి గోడను తాకి తిరిగి నీరవుతుంది. నీరయ్యేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది. ఇది పుస్తకంలో ఉంది, పరీక్షలో రాశాను, మంచి మార్కులు వచ్చాయి. ఆ వేడిని కూడా నేను లాభం వైపు వేశాను. వేడి వదిలిన నీళ్లు ఆ గోడ మీదే ఉంటాయని నాకు తెలుసు. తెలిసి, నష్టం వైపు ఏమీ రాయలేదు.

జనవరి మొదట్లో ఎస్మీ బీరువా వెనక గోడ మీద నల్లటి చుక్కలు కనిపించాయి. తుడవమన్నాను. అక్క బ్లీచుతో తుడిచింది. వారానికి మళ్లీ వచ్చాయి, ఈసారి మంచం దాకా. ఆ గోడకు చెమ్మ అంతకుముందే ఉండేది. బయట వాననీటి గొట్టం పగిలి నీళ్లు గోడ వెంట కారుతున్నాయని అక్క ఇళ్ల సంఘానికి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎవరూ రాలేదు. ఆ పాత చెమ్మే ఇది అనుకున్నాం. అనుకోవాలని అనుకున్నాం.

ఎస్మీకి దగ్గు పట్టుకుంది. మొదట పరిగెత్తినప్పుడు, తర్వాత నవ్వినప్పుడు, తర్వాత ఊరికే. నెలాఖరున ఒక మధ్యాహ్నం బడి నుంచి ఫోన్ వచ్చింది. నేను ఆస్పత్రికి వెళ్లేసరికి పిల్ల ముఖానికి మాస్కు పెట్టారు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది. ఐదు రోజులు ఉంచారు. ఇది ఉబ్బసమని, మందు రోజూ పీల్చాలని, అయితే పిల్ల పడుకునే గదిలో బూజు ఉన్నంత కాలం ఏ మందూ పూర్తిగా పని చేయదని డాక్టరు చెప్పింది. ఇళ్ల సంఘానికి ఉత్తరం కూడా తనే రాసిచ్చింది.

నేను ఆస్పత్రి నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్లాను. మేజోడు ఊడదీశాను. పైపును కన్నంలో పెట్టాను. టేపు గోళ్లతో గీకాను. చలిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. అప్పటికి ఎస్మీ గది గోడకు అంటించిన రంగు కాగితం వెనక అంతా నల్లగా ఉంది.

సంఘం నియమం ఇది. పిల్ల ఆరోగ్యం కోసం వేరే ఇల్లు కావాలంటే మనిషిని పంపి చూస్తారు. లోపం ఇంటిదైతే పేరు ముందు వరుసలోకి వెళ్తుంది. పార్క్ వీధి వెనక కొత్తగా కట్టిన పొడి ఇళ్లు రెండు ఖాళీగా ఉన్నాయని అక్క అప్పటికే కనుక్కుంది. ఒకదాని కిటికీలోంచి లోపలికి చూసి కూడా వచ్చింది. లోపం ఇంట్లో ఉండేవాళ్లదైతే ఏమవుతుందో మేమిద్దరం మాట్లాడుకోలేదు.

మనిషి వచ్చే ముందు రోజు అక్క నన్ను వంటింట్లో కూర్చోబెట్టింది.

"రేపు నువ్వు రావాల్సిన పనేమీ లేదు రూతీ," అంది. "వస్తే రా. కానీ పైపు సంగతి ఎత్తకు. ఇప్పుడు బయటికే ఉంది కదా. వాళ్లకదే కనిపిస్తుంది."

వాననీటి గొట్టం పగిలిందని రుజువు ఉంది కదా, నిజం చెబితే పోయేదేముంది అన్నాను. నోట్‌బుక్‌లోని అంకెలు చూపిస్తే, డ్రయ్యరు వల్ల ఎంత, గొట్టం వల్ల ఎంత విడదీసి చెప్పగలనన్నాను. దాచింది తర్వాత తేలితే ఇంకా చెడ్డదన్నాను.

"వాళ్లు విడదీయరే," అంది అక్క. "నీలాంటి వాళ్లే విడదీస్తారు. నాకు ఇల్లు కావాలి. నా మాట ఒక్కసారి విను."

వింటానన్నాను. నిజంగానే వినాలనుకున్నాను.

వచ్చినాయన పేరు ఆల్డిస్. నెమ్మదైన మనిషి. చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పాడు. గోడకు చిన్న యంత్రం ఆనించి చెమ్మ చూశాడు, బయటికి వెళ్లి పగిలిన గొట్టం ఫొటో తీశాడు, తన సంఘం తరఫున క్షమించమన్నాడు. అక్క ముఖం తేటపడింది. తర్వాత ఆయన వంటింట్లోకి వచ్చి బట్టలు ఎలా ఆరబెడతారని అడిగాడు. డ్రయ్యరులో అంది అక్క. గాలి బయటికే పోతుందా అన్నాడు. అవునంది.

ఆయన కాగితం మీద గుర్తు పెట్టుకుని ఊరుకున్నాడు. అంతే. ఇంకేమీ అడగలేదు. కానీ ఆయన వంగి ఆ పైపును చూస్తుంటే నేను అరలోంచి నోట్‌బుక్ తీశాను. నేను చదివిన చదువులో, చేస్తున్న ఉద్యోగంలో, తెలిసిన అంకెను దాచి నివేదిక ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆయన మంచివాడిలా ఉన్నాడు. మంచివాడికి పూర్తి వివరం ఇస్తే సరైన తీర్పే ఇస్తాడనుకున్నాను.

"మూడు నెలలు లోపలికే వదిలామండీ," అన్నాను. "నేనే అలా పెట్టాను. వివరాలన్నీ రాసి ఉన్నాయి."

నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టాను. అక్క నా వైపు చూడలేదు. సింకు వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న కప్పునే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

ఆయన ప్రతి పేజీకీ ఫొటో తీసుకున్నాడు. ఇంత పద్ధతిగా ఎవరూ రాయరని నన్ను మెచ్చుకున్నాడు కూడా.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. బూజుకు ముఖ్య కారణం నివాసులు ఇంటిని వాడిన తీరేనని, వాననీటి గొట్టాన్ని బాగు చేయిస్తామని, పన్నెండు నెలల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని అందులో ఉంది. దానికి జతగా నా నోట్‌బుక్ పేజీలు పెట్టారు. నేను పై వాళ్లకు రెండుసార్లు రాశాను. నా లెక్కలతో సహా రాశాను. రెండుసార్లూ అదే జవాబు వచ్చింది.

బూజు ఉన్న గదిలోకి పిల్లను పంపడం మంచిది కాదని డాక్టరు మళ్లీ చెప్పింది. కింది గదిలో పడుకోబెట్టి చూశాం. మార్చిలో మళ్లీ ఆస్పత్రి. అప్పుడు బావ తల్లి గ్లెనిస్ గారు లౌత్ అనే దగ్గరి ఊరి నుంచి వచ్చి, తన ఇల్లు పొడిగా ఉంటుందని, పిల్లను కొన్నాళ్లు ఉంచుకుంటానని అంది. మనసున్న మనిషి. కొడుకు చేసినదానికి ఎప్పుడూ తలదించుకునే మాట్లాడుతుంది. అక్క పిల్ల బట్టలు సర్దింది. ఆమెతో బస్సులో పంపింది.

నేను ప్రతి ఆదివారం అక్క దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. తిట్టమని ఒకసారి నేనే అడిగాను. తిడితే తేలికవుతుందనుకున్నాను.

"నిన్ను తిట్టి ఏం చేసుకుంటాను," అంది. "నువ్వు చెప్పావు, నేను చేశాను. చదువుకున్నదానివని నీకన్నా నేనే ఎక్కువ గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు ఫ్యాక్టరీలో పిల్ల ఏదని అడుగుతున్నారు."

లౌత్‌లో ఎస్మీకి రెండు వారాల్లో దగ్గు తగ్గింది. నాలుగో వారానికి మందు సగం చేశారు. గ్లెనిస్ గారు ఫోన్‌లో సంతోషంగా చెప్పేది, చెప్పాక తనే నొచ్చుకునేది. అక్క ప్రతిసారీ మంచిది అత్తయ్యా, మంచిది అనేది. ఎస్మీ ఫోన్ తీసుకుని మెట్లన్నీ ఆగకుండా ఎక్కానని చెప్పింది. ఇంటికి ఎప్పుడు రావాలని మొదట్లో రోజూ అడిగేది. తర్వాత కొన్ని రోజులు అడగలేదు.

ఈస్టర్ సెలవుల తర్వాత పిల్లను అక్కడి బడిలో వేయాలంటే ఫారం నింపాలి. ఏడాది మొత్తం చదువు పోగొట్టలేం కదా అని గ్లెనిస్ గారు భయం భయంగా అడిగింది. ఆ కాగితం తపాలాలో వచ్చింది. అక్క దాన్ని వంటింటి బల్ల మీద నా ముందు పెట్టి, పెన్ను ఇచ్చింది.

"నువ్వే నింపు. రాత బాగుంటుంది నీది."

పిల్ల పేరు రాశాను. పుట్టిన తేదీ రాశాను. పీల్చే మందు పేరు రాశాను. పిల్ల శాశ్వతంగా ఉండే చిరునామా అన్న చోట ఆగి అక్క వైపు చూశాను. ఆమె కోటు వేసుకునే కూర్చుంది. లౌత్ ఇంటి నంబరు, వీధి పేరు అక్షరం అక్షరం చెప్పింది. నేను రాశాను.