ఇద్దరు కొట్టిన గట్టిమేళం

చికున్‌గున్యా వచ్చిన ఆ ఏడు మదనపల్లె మార్కెట్టులో టమోటా బుట్ట ఎత్తే మనిషి కరువయ్యాడు. పేరులో చికెన్ వినిపిస్తోందని కోడికూర మానేసిన మహానుభావులు కూడా కీళ్లు పట్టుకుని మూలిగారు. అంత జ్వరంలోనూ ముహూర్తాలు ఆగలేదు. మేళగాళ్ల చేతులే ఆగిపోయాయి.

మదనపల్లెలో ఒక పెళ్లికి పుంగనూరు కదిరప్ప పెళ్లికూతురి తరఫున డోలుతో వచ్చాడు. కుప్పం సుబ్బరాయుడు పెళ్లికొడుకు తరఫు. ఎక్కడ ఎదురైనా పోటీపడి కొట్టడమే తప్ప ఇద్దరికీ మాటల్లేవు. ఈసారి మాత్రం ఇద్దరూ మండపం వెనక కూర్చుని చేతులు ఒత్తుకుంటున్నారు. డోలుకు కుడివైపు వేళ్లు, ఎడమవైపు పుల్ల పనిచేయాలి. కదిరప్ప కుడిచేతి వేళ్లు వాచి, గట్టి గుడ్డ తొడుగులు ఎక్కడం లేదు. సుబ్బరాయుడి ఎడమచెయ్యి పుల్ల పట్టడం లేదు.

పెళ్లికూతురి మేనమామ రెడ్డెప్ప వచ్చి చూశాడు.

"యాల కష్టపడతారప్పా? మైకుసెట్టోడి దగ్గర గట్టిమేళం సీడీ ఉండాది. తాళి కట్టేటప్పుడు ఏసేస్తాంలే."

జాలితోనే అన్నాడు, పాపం. కదిరప్ప ఆలోచన మాత్రం వేరే. సీడీతో పెళ్లి జరిగిపోతుందని జనానికి తెలిస్తే, రేపు చేతులు బాగైనా తమను పిలిచేదెవరు?

సుబ్బరాయుడి వైపు తిరిగాడు. "నీ కుడిసెయ్యి ఆడతాందా?"

"ఆడతాండాది. నీ ఎడమది?"

"ఆడతాండాది."

డోలు మధ్యలో పెట్టి చెరో పక్క కూర్చున్నారు. సుబ్బరాయుడు తొడుగులు వేసుకున్నాడు, కదిరప్ప పుల్ల అందుకున్నాడు. మొదట తాళం కుదరక తడబడ్డారు. సన్నాయి ఊదే దేవరాజులు ముఖం తిప్పుకుని నవ్వాడు. కానీ ఇన్నేళ్లూ ఒకరినొకరు ఓడించాలని చెవులు రిక్కించి విన్నవాళ్లు కదా, ఎదుటివాడు ఎక్కడ తిప్పుతాడో ఇద్దరికీ కంఠతా వచ్చు. కాసేపటికే డోలు ఒక్క మనిషి కొట్టినట్టు పలికింది. అబ్బ, ఎంత మొండి మనుషులు! అలాంటివాళ్లకు దణ్ణం పెట్టాలి.

పెళ్లికొడుకు తాళి అందుకున్నాడు. పెళ్లి చేయించే అయ్యవారు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. మండపం దద్దరిల్లింది. మూడు ముళ్లూ పడ్డాయి, అక్షింతలు రాలాయి, అయ్యవారు చాలని సైగ చేశాడు. వాళ్లు ఆపలేదు.

"సాలప్పా, మంత్రం సదవాల," అన్నాడు రెడ్డెప్ప.

కదిరప్ప కళ్లనిండా నీళ్లు. "ఇంగ కొంచెం సేపు కొట్టనీప్పా. ఆపితే ఈ సేతులు మళ్లా ఎప్పుడు లేస్తాయో."

రెడ్డెప్ప అయ్యవారి వైపు చూశాడు. జ్వరం అయ్యవారిని మాత్రం వదిలిందా? పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటూ, ఆయన చెయ్యి మళ్లీ పైకెత్తాడు.

"గట్టిమేళం!"