తూటులో పోయని నీళ్లు

డాక్టరు ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఓబులమ్మ దాన్ని చూడలేదు, ఆయన మొహం చూసింది. ఆమె మొగుడు కదిరప్ప బయట వరండాలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మూడు మెట్లు ఎక్కినందుకే అతనికి ఊపిరి అందలేదు. నలభై కూడా నిండని మనిషి.

"మీ ఆయన ఏం పని చేసేవాడమ్మా?"

"బావులు తవ్వేది సార్. కంప్రెసరు మిషనుతో బండకు తూట్లేసేది. తనకల్లు కాడ్నించి గార్లదిన్నె దాకా ఎన్ని బావుల్లో దిగినాడో. సగం బావుల్లో నీళ్లే పళ్లేదు."

"మందు రాయండి సార్" అని ఆమె మూడోసారి అడిగినప్పుడు డాక్టరు ఫిలిం కింద పెట్టి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. చిన్న వయసువాడు, ఓపికస్తుడు.

"ఊపిరితిత్తుల్లో కొన్ని కణాలు కాపలా కాస్తుంటాయమ్మా. బండ దుమ్ము వస్తే మింగేస్తాయి. కానీ రాయి అరగదు. అవి చస్తూ చస్తూ, ఇక్కడ గాయమైంది, పూడ్చండి అని ఒక పదార్థాన్ని బయటికి వదులుతాయి. అదే కబురు. పక్క కణాల గోడల మీద దాన్ని పట్టుకునే కొక్కేలు ఉంటాయి. అది తగలగానే గోడ లోపలికి సొట్టపడి, చిన్న సంచిలా ముడుచుకొని, దాన్ని లోపలికి మోసుకుపోతుంది. ఇక ఆ కణం దారాలు తీయడం మొదలుపెడుతుంది. మామూలు గాయానికైతే మంచిదే. ఇక్కడ రాయి పోదు, కబురు ఆగదు, ఆ దారాలే ఊపిరితిత్తుల్ని నింపేస్తాయి."

ఓబులమ్మకు అర్థమైంది. ధర్మవరం మగ్గాలకు దారం కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. చీర అయిపోయిందని చెప్పేవాడు లేకపోతే మగ్గం ఆడుతూనే ఉంటుంది. నేసి నేసి ఇంట్లో మనిషి నిలబడే చోటు కూడా మిగల్చదు.

"ఎవురో ఒకరు చాలు అనాల గదా సార్."

"అట్లా అనే మందు ఇంకా లేదమ్మా. ఆ కబురు సంగతే ఈమధ్య తెలిసింది. అది లోపలికి ఎట్లా పోతుందో ఇప్పుడిప్పుడే చూస్తున్నారు. ఆపడం ఎవరికీ రాదు." ఫిలింను కవరులో పెడుతూ, "మిషను ఆడేటప్పుడు తూటులో నీళ్లు పోసేవాళ్లు కాదా? పోసుంటే దుమ్ము లేచేదే కాదు" అన్నాడు.

ఓబులమ్మ కవరు అందుకొని లేచింది.

కరువు ముదిరిన ఏడాది, బావి ఆసామి తూటులో పోయడానికి రోజుకు రెండు బిందెలు పంపేవాడు. ఊళ్లో చేదబావి ఎండిపోయింది. పిల్లలు నాలుక తడవక ఏడుస్తుంటే ఆమే అంది, "రాతికి పోస్తే ఏమొస్తాది? ఆ నీళ్లు ఇంటికి తీసుకురా" అని. అతను మూతికి తువ్వాలు కట్టుకొని పొడిగానే తూట్లు వేసి, సాయంత్రం బిందె భుజాన పెట్టుకొని వచ్చేవాడు. గొంతులో దుమ్ము దిగుతుందని ఆమె సద్దిమూటలో బెల్లం ముక్క కట్టేది. ఆ ఏడాది పోయినా పొడిగా తూట్లేసే అలవాటు పోలేదు.

ఆమె బయటికి రాగానే కదిరప్ప తలెత్తాడు.

"ఏం చెప్పినాడే?"

"మందులు వాడితే తగ్గుతాదంట."

"నీకు అబద్ధం చెప్పేది చేతగాదు మే. తూటులో నీళ్లు పొయ్యలేదా అని అడిగింటాడు."

ఆమె పక్కన కూలబడింది. "ఆ బిందె తెమ్మనింది నేనే గదప్పా."

"తెచ్చింది నేను. నువ్వేమన్నా మోసినావా?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గైంది. దగ్గు తగ్గేదాకా ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఆమె అమ్మను కాటికి సాగనంపింది, అన్నను సాగనంపింది. ప్రతిసారీ ఒక పొలిమేర ఉండేది, అక్కడ ఆగి ఏడ్చేది. దీనికి పొలిమేర లేదు. పక్కనే కూర్చున్న మనిషి పిడికెడు పిడికెడు పోతున్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. ఓబులమ్మ రెండు మైళ్ల నుంచి తెచ్చిన బిందెను వంచి, అతని మంచం చుట్టూ నేల తడపసాగింది.

"నీళ్లు దండగ చేస్తాండావే" అన్నాడు కదిరప్ప.

ఆమె బిందె ఖాళీ అయ్యేదాకా వంచింది. తడి మంచం చుట్టూ రెండడుగులే పారింది. దాని అవతల నుంచి దుమ్ము లేచి, ఇంట్లోకి వచ్చింది.