అక్క చెయ్యెత్తితే

మా బుడ్డోడికి తొమ్మిదేళ్ళు నిండాయి. వచ్చే ఏడాది నుంచి వాడు ముసలి కుక్కల విభాగంలో పొట్టి కర్రల మీంచి దూకాల్సిందే. అడ్డంకుల పరుగు పెద్ద పోటీలో కప్పు కొట్టాలంటే ఇదే ఆఖరి అవకాశం. అందుకే ఆ ఆదివారం వాడిని దువ్వి, పెళ్ళికొడుకులా తయారుచేసి ఆటల హాలుకు తీసుకెళ్ళాను.

తీరా వెళ్తే నిర్వాహకుడు తల పట్టుకుని కూర్చున్నాడు. రావలసిన జడ్జికి జ్వరమట. హాలు మొత్తంలో జడ్జి పరీక్ష పాసైన మనిషి మా అక్క ఒక్కతే. పాసయింది గాని ఇంతవరకూ ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. ఆ రోజు కుట్టుషాపు మూసేసి, మా బుడ్డోడి ఆట చూద్దామని వచ్చింది.

"జడ్జి ఇంట్లో కుక్క పోటీ చెయ్యకూడదు, అంతేనండీ రూలు. మీ ఇళ్ళు వేరేగా, ఫర్వాలేదు. రండి," అన్నాడు నిర్వాహకుడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఇల్లు వేరేనండీ. కానీ ఆ కుక్కకి దూకడం నేర్పింది నేనే. మా చెల్లికి మందులషాపులో డ్యూటీ ఉన్నప్పుడల్లా వాడు మా పెరట్లోనే ఉంటాడు."

"ఇప్పుడవన్నీ నిన్నెవరడిగారే?" అని పళ్ళు నూరాను.

అక్క నావైపు తిరిగింది. "నేను అరచెయ్యి పైకెత్తితే వాడేం చేస్తాడు?"

"కూర్చుంటాడు."

"తప్పు పడితే జడ్జి ఏం చెయ్యాలి?"

జడ్జి కూడా అరచెయ్యే పైకెత్తాలి.

"వాడు కర్ర పడేశాడనుకో. చెయ్యెత్తితే కూలబడతాడు, పరుగంతా పాడవుతుంది. పోనీలే అని ఎత్తకపోతే నీ తప్పు కాసినట్టు. ఎటు తిరిగినా అన్యాయమే. ఇంకెవరినైనా చూసుకోండి సార్."

ఇంకెవరూ లేరు. పోటీ రద్దు చేయాల్సిందేనని నిర్వాహకుడు గొణిగాడు. అక్క ఏమీ పట్టనట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. మిషన్ తొక్కుతూ రూల్సు బట్టీపట్టిన మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది.

"పెద్దదానివని ప్రతిసారీ నువ్వే వదులుకోవాలా? లే! బుడ్డోడు దిగడు."

"ఒసేయ్, ఇదే వాడికి ఆఖరి..."

"తెలుసు. లేస్తావా, లేవవా?"

అనేశానే గాని, పేరు కొట్టేయించి వచ్చి బరి చుట్టూ కట్టిన కంచె బయట వాడి పక్కనే చతికిలబడి కాసేపు ఏడ్చాను.

పోటీ మొదలైంది. మొదటి కుక్క కర్ర పడేసింది. అక్క చెయ్యెత్తింది. కంచె బయట మా బుడ్డోడు ఠక్కున కూర్చున్నాడు. రెండో కుక్క దారి తప్పింది. చెయ్యి లేచింది, వీడు మళ్ళీ కూర్చున్నాడు. మూడోసారికి చుట్టూ ఉన్నవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. అక్క ఎంత సరిగ్గా చెప్పిందో హాలంతా కళ్ళారా చూసింది.

చివర్లో కిందటేడు కప్పు కొట్టిన పళ్ళ డాక్టరు దిగాడు. కుక్క గాలిలా పరుగెత్తింది. వాలు పలక దిగేటప్పుడు అడుగునున్న పసుపు పట్టీ మీద కాలు పడాలి. అది పట్టీ దాటి దూకేసింది. అక్క చెయ్యెత్తింది.

"తొక్కింది! నేను చూశా!" డాక్టరు కేకలేసుకుంటూ అక్క మీదికొచ్చాడు. "కొత్త జడ్జిని పెడితే ఇంతే!"

"తొక్కలేదండీ," అంది అక్క. అంతే. గొంతు పెంచలేదు, ఎత్తిన చెయ్యి దించలేదు. ఇటు మావాడూ లేవలేదు. డాక్టరు అటూ ఇటూ చూశాడు. వంతపాడేవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. కుక్కని చంకనెత్తుకుని గమ్మున బయటికి నడిచాడు.

కప్పు ఎవరికో వెళ్ళింది. దాని మీద నాకు చూపే నిలవలేదు.

"ఎవరండీ ఆ జడ్జి? మనిషి బెదరనైనా లేదు!" అంది నా పక్కనున్నావిడ.

"మా అక్క," అన్నాను, చివరి వరుసదాకా వినపడేలా. "అందుకే మావాడు కంచె బయటున్నాడు."